65,536 చాలలేదు: నేమ్ సర్వర్ అప్‌డేట్ వెనక లెక్క

బ్యాంకు వెబ్‌సైట్ పేరు కొట్టగానే, ఆ పేరు వెనకున్న అంకెల చిరునామా వెతికి ఇచ్చేది నేమ్ సర్వర్. యూనిక్స్ యంత్రాల్లో ఈ పనికి బాగా పేరున్న సాఫ్ట్‌వేర్ బైండ్. 1980ల తొలినాళ్లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పుట్టింది.

‘ఏళ్ల తరబడి బాగానే నడుస్తోంది, ఇప్పుడెందుకు కదపడం?’ అని అడిగేవాళ్లకు 2008 నాటి లెక్క చెప్పాలి. తనకు తెలియని పేరు గురించి నేమ్ సర్వర్ బయట మరో సర్వర్‌ను అడుగుతుంది. ప్రశ్న మీద ఒక సంఖ్య వేసి పంపి, అదే సంఖ్యతో ముందొచ్చిన జవాబును నమ్ముతుంది. ఎవరైనా ఆ సంఖ్యను ఊహించి దొంగ జవాబు ముందే పంపితే దాన్నీ నమ్ముతుంది. ఆ సంఖ్యలు 65,536 రకాలు. నాలుగంకెల ఏటీఎం పిన్‌లు 10,000. దానికి ఆరున్నర రెట్లన్నమాట. కానీ ఏటీఎం కొన్ని తప్పులకే కార్డును ఆపేస్తుంది. నేమ్ సర్వర్ ఆపదు.

మరి అన్నేళ్లూ దొంగ జవాబులను అడ్డుకున్నదేమిటి? ఎదురుచూపు. అసలు జవాబు ముందొస్తే సర్వర్ దాన్ని దాచుకుంటుంది. గడువు తీరేదాకా మళ్లీ అడగదు. గడువు ఒక రోజు, రోజుకు ఒక్క ఊహ అనుకుంటే, 65,536 ఊహలకు 179 ఏళ్లు.

ఆ ఎదురుచూపు అక్కర్లేదని భద్రతా పరిశోధకుడు డాన్ కమిన్‌స్కీ కనిపెట్టారు. బ్యాంకు పేరు ముందు 1, 2, 3 అని తగిలిస్తూ లేని పేర్లు అడిగిస్తే ప్రతిసారీ కొత్త ప్రశ్నే. ఒక్క దొంగ జవాబు కుదిరినా చాలు, ‘ఈ బ్యాంకు పేర్లన్నీ ఫలానా చోట అడుగు’ అని అందులోనే చేర్చి మొత్తం మళ్లించొచ్చు. సెకనుకు 10,000 ఊహలు పంపితే ఏడు సెకన్లలోపు అన్నీ అయిపోతాయి.

2008 జూలై 8న పలు సంస్థలు ఒకేసారి మరమ్మతు విడుదల చేశాయి. పోటీదారులంతా నోరు మెదపకుండా కలిసి పనిచేయడం, నా దృష్టిలో, ఇంటర్నెట్ చరిత్రలో గొప్ప ఘట్టం. మరమ్మతు చిన్నదే: ప్రశ్న బయటికెళ్లే పోర్టును, అంటే యంత్రపు వాకిలి నంబరును, ప్రతిసారీ మార్చడం. అలా వాడుకోదగ్గ వాకిళ్లు సుమారు 64,500. వాటిని 65,536తో గుణిస్తే దాదాపు 422 కోట్లు. మన దేశంలో 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల మొబైల్ నంబర్లు 400 కోట్లు. ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ నంబరు ఊహించి కొట్టడమంత కష్టమన్నమాట. పై వేగంతోనే అన్నీ ప్రయత్నించడానికి దాదాపు ఐదు రోజులు. అసాధ్యమని కాదు, కానీ ఐదు రోజుల వరద ఎవరి కంటా పడకుండా సాగడం కష్టం.

ఆ మరమ్మతు అందాలంటే బైండ్‌ను అప్‌డేట్ చేయాలి. యూనిక్స్ తరహా సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లు అడుగుతారు: ‘ఫ్రీబీఎస్‌డీని అప్‌డేట్ చేశాను, బైండ్ కూడా అయిపోయినట్టేగా?’ కాదు. 2014 జనవరిలో వచ్చిన 10.0 నుంచి బైండ్ ఆ సిస్టమ్‌లో భాగం కాదు, విడి ప్యాకేజీ. ‘ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్’ దాన్ని ముట్టుకోదు. ‘పీకేజీ అప్‌గ్రేడ్’ వేరుగా ఇవ్వాలి.

ఇచ్చాక మరో మెలిక. డిస్క్ మీద కొత్త ఫైలు పడుతుంది గానీ, మెమరీలో నడుస్తున్నది పాత బైండే. ‘నేమ్డ్ -వీ’ కొట్టి కొత్త నంబరు చూసి నిశ్చింతగా ఉంటే మోసపోతాం, అది చెప్పేది డిస్క్ మీది సంగతి. నడుస్తున్నదాని నంబరు ‘ఆర్‌ఎన్‌డీసీ స్టేటస్’ చెబుతుంది. రెండూ కలవకపోతే రీస్టార్ట్ బాకీ ఉన్నట్టే.

రీస్టార్ట్‌కు ముందు ‘నేమ్డ్.కాన్ఫ్’ ఫైలు తెరిచి ‘క్వెరీ-సోర్స్’ అన్న వరుస ఉందేమో చూడండి. ఫైర్‌వాల్‌లో ఒక్క వాకిలి తెరిస్తే సరిపోతుందని పూర్వం చాలామంది అక్కడ పోర్టు 53 అని కట్టేసేవారు. పాత సర్వర్ నుంచి ఫైలును యథాతథంగా తెచ్చుకుంటే ఆ వరుసా వెంట వస్తుంది. బైండ్ ఆ మాటే వింటే 422 కోట్లు మళ్లీ 65,536కు పడిపోతాయి. ఆ పోర్టు ముక్క తీసేసి, ఫైర్‌వాల్‌ను అందుకు తగ్గట్టు సవరించి, ‘నేమ్డ్-చెక్‌కాన్ఫ్’తో ఫైలు సరిచూసి, అప్పుడు రీస్టార్ట్ చేయండి.