నిరోధ్ వాడేవారికీ రక్తపరీక్ష అవసరమే

కర్నూలు: నిరోధ్ లేనిదే ముందుకు పోనివారికి సుఖవ్యాధుల పరీక్షలు ఎందుకు? సుగ్గికి గుంటూరు వైపు పోయే కూలీలలో, నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే లారీ డ్రైవర్లలో జాగ్రత్తపరులకు వచ్చే సందేహమిది. సందేహం సహజమే. అయితే జాగ్రత్త వేరు, పరీక్ష వేరు. ఒకటి రెండో దానికి బదులు కాదు.

కుటుంబ నియంత్రణ కోసం 1968లో ప్రభుత్వం నిరోధ్‌ను పల్లెలకు తెచ్చింది. మూడింటి ప్యాకెట్టు 15 పైసలకు టీ కొట్లలో, కిరాణా అంగళ్లలో దొరికేది. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడిన తర్వాత దాని విలువ మరింత పెరిగింది. ప్రతిసారీ వాడే జంటలలో హెచ్.ఐ.వి. సోకడం సుమారు 80 శాతం తగ్గుతుందని పరిశీలనల్లో తేలింది. గనేరియా వంటి వాటినీ అది బాగా అడ్డుకుంటుంది.

కప్పని చోటు

అయితే తొడుగు కప్పినంత మేరకే రక్షణ. సిఫిలిస్, హెర్పిస్ వంటివి పుండు తగిలితే చాలు, సోకుతాయి. ఆ పుండు తొడుగు కప్పని చోట కూడా ఉండవచ్చు. పైగా సిఫిలిస్ మొదటి పుండుకు నొప్పి ఉండదు. కొన్ని వారాలకు దానంతటదే మానిపోతుంది. రోగం పోయిందని మనిషి అనుకుంటాడు. రోగం మాత్రం రక్తంలోనే ఉంటుంది. సుఖవ్యాధులు సోకిన వారిలో ఎక్కువ మందికి ఏ బాధా తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వాడకంలోనూ పొరపాట్లు జరుగుతాయి. ఎండకు కాలే లారీ క్యాబిన్‌లో, జేబులోని పర్సులో నెలల తరబడి ఉంచితే రబ్బరు దెబ్బతింటుంది. కొబ్బరినూనె రాస్తే చిరిగిపోతుంది. చిరిగినప్పుడు ఊరకుండరాదు. హెచ్.ఐ.వి. సోకకుండా 28 రోజులు వాడే మందు ఉంది. దానిని 72 గంటలలోగా మొదలుపెట్టాలి. కనుక వెంటనే డాక్టరును కలవాలి.

కడుపులోని బిడ్డకు ముప్పు

భర్త తెచ్చిన సిఫిలిస్ భార్యకు సోకితే, ఆమె గర్భవతి అయినప్పుడు కడుపులోని బిడ్డకు చేరుతుంది. బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, లోపాలతో పుట్టవచ్చు. కాన్పు కోరి నిరోధ్ మానిన ఇంటిలో ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే మానడానికి ముందే దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. తొలి దశలో కనిపెడితే ఒక్క పెన్సిలిన్ సూదితో సిఫిలిస్ నయమవుతుంది.

ఎప్పుడు, ఎక్కడ?

ఒకరికి మించి సంబంధాలు ఉన్నవారు కనీసం ఏడాదికొకసారి, ముప్పు ఎక్కువగా ఉన్నవారు ఆరునెలలకొకసారి చేయించుకోవడం మంచిది. అనుమానం కలిగిన మరునాడే చేస్తే రోగం ఉన్నా కనిపించకపోవచ్చు. మూడు నెలలు గడిచాక మళ్లీ చేయించాలి.

కర్నూలు, కడప సర్వజన వైద్యశాలల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాలలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, తర్వాత రక్తం తీస్తారు. మనిషి ఒప్పుకోనిదే పరీక్ష చేయరాదని, ఫలితం బయట పెట్టరాదని 2017 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. ఒకవేళ హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలినా భయపడనక్కరలేదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. సక్రమంగా వాడితే మామూలుగా బతకవచ్చు. సందేహాలకు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు.

కడప జిల్లా నుంచి కువైట్ పోయేవారు వీసా కోసం ఈ పరీక్షలన్నీ చేయించుకుంటున్నారు. అందుకు ఎవరూ సిగ్గుపడటం లేదు. పరాయి దేశం అడిగితే ఇచ్చే రక్తం, ఇంట్లో ఆలుబిడ్డల క్షేమం కోసం ఇవ్వడానికి వెనుకాడటంలో అర్థం లేదు.