మేడమీది ఆంటెన్నాకు ఇప్పుడు ఏమి అందుతుంది?



పసుపు తవ్వకాల రోజులలో ఒకసారి ఆర్మూరుకు వెళ్ళాను. ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ నన్ను ఆపి, సంచిలో నుండి ఒక చిన్న నల్లని డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, గిది పెడితే నెలనెల పైసలు కట్టుడు లేకుంట టీవీ అస్తదన్నడు. పదిహేను వందలు ఇచ్చిన. నీలం తెర తప్ప ఏం కనవడుతలేదు. నా టీవీ ఖరాబైందా, నన్నే మోసం జేసిండ్రా?" అని అడిగింది. భర్త పోయిన తరువాత కేబుల్ బిల్లు కట్టలేక ఆమె కనెక్షన్ తీయించుకున్నది. ఉన్న ఎకరమున్నరలో పసుపు వేస్తుంది. వాన కబురు, వార్తలు, సాయంకాలము కాసేపు తోడు, ఆమె కోరినది ఇంతే.

ఆమె టీవీ చెడిపోలేదు. నిజము చెప్పాలంటే ఆ డబ్బా కూడ చెడిపోలేదు. చెవి బాగానే ఉన్నది గాని, ఆ చెవికి వినబడేలా మాట్లాడే టవరు ఆర్మూరు చుట్టుపక్కల లేదు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. మీలో కూడ కొందరు ఇలాంటి డబ్బాకు డబ్బు పోగొట్టుకొని ఉండవచ్చు, లేక రేపు కొనబోతూ ఉండవచ్చు. అందుకే ఈ సంగతి మొదటి నుండి చూద్దాము.

"డిజిటల్" అనే ఒకే మాట కింద మూడు వేరువేరు దారులు ఉన్నవి. నేలమీది టవరు నుండి మన మేడమీది ఆంటెన్నాకు వచ్చేది ఒకటి. ఆకాశములోని ఉపగ్రహము నుండి డిష్‌కు వచ్చేది రెండవది. తీగ ద్వారా వచ్చే కేబుల్ మూడవది. ఒక దారికి చేసిన డబ్బా మరొక దారికి పనికిరాదు. అవ్వ కొన్నది మొదటి దారి డబ్బా.

మన దేశములో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనది. తరువాత 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 పల్లెలకు విద్యా కార్యక్రమాలు చూపించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడ అందులో ఉన్నవి. చూశారా, మేడమీద అల్యూమినియం ఆంటెన్నా రాకముందే కొన్ని పల్లెలలోకి డిష్ వచ్చి వెళ్ళిపోయింది! 1980ల నుండి జిల్లా పట్టణాలలో దూరదర్శన్ రిలే కేంద్రాలు వెలిసినవి. అప్పుడే మన ఇండ్లమీద ఆ చేపముల్లు ఆకారపు ఆంటెన్నాలు లేచినవి.

ఆ దినములు మీకు జ్ఞాపకమున్నవి గదా? ఒకరు మేడమీద గొట్టము తిప్పుతారు, ఒకరు వాకిట్లో నిలబడతారు, ఒకరు లోపల తెర దగ్గర ఉండి "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని కేకవేస్తారు. ఆర్మూరు నుండి నిజామాబాద్ సూటిగా చూస్తే పాతిక కిలోమీటర్ల దూరము, నైరుతి పడమరల నడుమ. ఆ దిక్కుకు తిప్పి, బూస్టరు పెట్టి, ఇసుక చల్లినట్టున్న బొమ్మను చూసేవారము. సిద్ధుల గుట్ట చాటున పడిన ఇండ్లకు ఆ ఇసుక కూడ దక్కేది కాదు. నల్లని బండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుట్టను మీలో చాలామంది హైవే మీదనుండి చూసే ఉంటారు. టీవీ తరంగము అలాంటి బండలగుండా దూరి రాలేదు, చుట్టు తిరిగి కూడ సరిగా రాలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఎక్కడో హిందూ మహాసముద్రములోని సేషెల్స్ దీవుల నుండి ఫెబా రేడియో ప్రసంగాలు మన ఇంటి ట్రాన్సిస్టరుకు వచ్చేవి గదా, 2003 వరకు అక్కడి షార్ట్‌వేవ్ కేంద్రము పనిచేసింది. అంత దూరము నుండి మాట వచ్చినప్పుడు హైదరాబాద్ నుండి బొమ్మ ఎందుకు రాదు? షార్ట్‌వేవ్ తరంగము పైకి వెళ్ళి, వాతావరణముపైనున్న విద్యుత్ పొరను తాకి, తిరిగి నేలకు వంగుతుంది. అందుకే సముద్రాలు దాటుతుంది. టీవీ తరంగము సాధారణముగా అలా వంగదు, దాదాపు చూపు సాగినట్టు సూటిగా సాగుతుంది. భూమి గుండ్రముగా ఉన్నది గనుక కొంత దూరము పోయాక నేల కిందికి వంగిపోతుంది, తరంగము పైనుండి వెళ్ళిపోతుంది.

ఎంత దూరమో మీరే లెక్క కట్టవచ్చు. టవరు ఎత్తును మీటర్లలో తీసుకొని దాని వర్గమూలమును 4.12తో హెచ్చవేయండి. మన ఆంటెన్నా ఎత్తుకు కూడ అలాగే చేసి రెండింటిని కలపండి. 150 మీటర్ల టవరుకు సుమారు 50 కిలోమీటర్లు, 9 మీటర్ల ఎత్తున్న మన ఆంటెన్నాకు సుమారు 12, మొత్తము 62 లేక 63 కిలోమీటర్లు. ఇది కూడ నడుమ గుట్టలు లేనప్పటి మాట. హైదరాబాద్ మనకు గాలిలో సూటిగా కొలిచినా 150 కిలోమీటర్లకు పైనే. కాబట్టి "ఈ ఆంటెన్నాతో హైదరాబాద్ పట్టుకోవచ్చు" అని ఎవరైనా చెబితే, అతనిని ఈ లెక్క అడగండి.

ఇప్పుడు డిజిటల్ అంటే ఏమిటో చూద్దాము. పాత పద్ధతిలో బొమ్మ వెలుగు ఎంత ఉన్నదో తరంగము కూడ అంతే హెచ్చుతగ్గులుగా వచ్చేది. దారిలో కలిసిన ప్రతి చప్పుడు బొమ్మలో కలిసిపోయేది. మార్కెట్ యార్డులో పాట పాడేవాని కేక లాంటిది అది, దూరము పోయినకొద్దీ సన్నబడుతుంది, పక్కవాని కేక అందులో కలుస్తుంది. డిజిటల్ పద్ధతిలో బొమ్మను అంకెలుగా మార్చి పంపుతారు. అది తూకము చీటీ లాంటిది. చీటీ మీద పసుపు మరక పడినా 7 అనేది 7గానే చదువుకుంటాము, మరక వల్ల అది ఏడున్నర కాదు. అంతేగాక, కొన్ని అంకెలు చెరిగిపోయినా మిగిలినవాటిని బట్టి పోల్చుకొనేటట్టు అదనపు అంకెలు కూడ ముందే కలిపి పంపుతారు. కాని మరక సగము చీటీని మింగితే ఏమీ చదవలేము.

అందుకే డిజిటల్ బొమ్మ వస్తే అద్దములా వస్తుంది, లేదా గళ్ళు గళ్ళుగా చీలి ఆగిపోతుంది, లేదా అసలే రాదు. పాత టీవీలో ఉన్న "కొంచెము కొంచెము కనబడుట" ఇందులో దాదాపు లేదు. అవ్వకు నీలిరంగు తెర మాత్రమే కనబడుటకు కారణము ఇదే. పాత టీవీ అయితే కనీసము ఇసుక చూపించి, "ఆ దిక్కున ఏదో ఉన్నది" అని ఆశ పెట్టేది.

నేలమీది డిజిటల్ ప్రసారములో నాకు చాలా నచ్చిన గుణము ఒకటి చెబుతాను. గుట్టకు తగిలి తిరిగివచ్చిన తరంగము వెనుక వచ్చి చేరితే, పాత టీవీలో మనిషి పక్కన మరొక మనిషి నీడలా కనబడేవాడు. డిజిటల్‌లో అంకెలను ఒకే వరుసలో పరుగెత్తించక, వేల సన్నని పాయలుగా చీల్చి నెమ్మదిగా పంపుతారు. పలుకుకు పలుకుకు నడుమ కాస్త ఖాళీ కూడ విడుస్తారు. ప్రతిధ్వని ఆ ఖాళీలో ముగిసిపోతుంది గనుక హాని చేయదు. అంటే గుట్టల ఊరికి సరిగ్గా సరిపోయే పద్ధతి. పాతపద్ధతిలో ఒకే చానెలు పట్టిన చోట ఐదు చానెళ్ళు కూడ ఇముడుతవి.

మరి మనకెందుకు రాలేదు? మన దేశములో ఈ ప్రసారము 2003లో నాలుగు మహానగరాలలో మొదలైనది. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ డీవీబీ-టీ2 అనే మెరుగైన పద్ధతిలో 16 నగరాలలో ప్రసారము ప్రకటించింది. ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు ఉన్నవి గాని తెలుగు నగరము ఒక్కటి కూడ లేదు. 2017 జనవరిలో ట్రాయ్ సంస్థ దేశమంతటికీ విస్తరించుటకు సిఫారసులు చేసింది. కాని ఈలోగా కేబుల్, డిష్ ఇంటింటికీ చేరిపోయినవి. ప్రసారభారతి పాత రిలే కేంద్రాలను వరుసగా మూసివేసి, 2022 మార్చి నాటికి సరిహద్దులవంటి ముఖ్యస్థలాలలో సుమారు 50 మాత్రము ఉంచాలని నిర్ణయించింది. బ్రిటనులో పాత ప్రసారమును 2012 అక్టోబరులో పూర్తిగా ఆపినప్పుడు, దాని స్థానములో డిజిటల్ టవర్లు ముందే సిద్ధముగా ఉన్నవి. మన జిల్లా పట్టణాలలో పాతది పోయింది, ఆ స్థానములో కొత్త టవరు రాలేదు. ఖర్చు దృష్ట్యా ఇది తెలివైన నిర్ణయమే కావచ్చు, కాని మేడమీది ఆంటెన్నాను నమ్ముకున్న ఇండ్లకు వెళ్ళి ఈ సంగతి విడమరచి చెప్పిన వారు తక్కువ.

కాబట్టి అంగడికి వెళ్ళినప్పుడు డబ్బా మీద వ్రాసినది చూడండి. చదువు రాకపోతే పిల్లలచేత చదివించండి. "టీ2" అని ఉంటే అది టవరు డబ్బా, ఆర్మూరులో అది మీకు పనిచేయదు. "ఎస్" లేక "ఎస్2" అని ఉంటే డిష్ డబ్బా. మరొక గురుతు, ఆంటెన్నా వైరు పిన్ను మామూలుగా లోపలికి దూర్చేది, డిష్ వైరు పిన్ను మరలాగా తిప్పి బిగించేది.

నెలసరి రుసుము లేకుండ చూడగోరేవారికి ఉన్న దారి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైనది ఇదే. డిష్, డబ్బా, వైరు ఒకేసారి కొనుక్కోవాలి, సుమారు రెండువేల రూపాయలు. ఆ తరువాత కట్టేది లేదు. తెలంగాణకు 2014లో వచ్చిన డీడీ యాదగిరి ఇందులో వస్తుంది. ఆకాశవాణి చానెళ్ళు కూడ వస్తవి. కొన్ని చానెళ్ళు ఎంపెగ్-4 డబ్బాలోనే వస్తవి గనుక కొనేటప్పుడే అది అడిగి తీసుకోండి.

ఈ ప్రసారము జీశాట్-15 ఉపగ్రహము నుండి వస్తుంది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముమీద అది నిలిచి ఉన్నట్టు కనబడుతుంది. ఆర్మూరు నుండి చూస్తే అది దాదాపు ఆగ్నేయ దిక్కున, నేల నుండి సుమారు 62 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇంత ఎత్తున ఉన్నది గనుక సిద్ధుల గుట్ట దానికి అడ్డము రాదు. డిష్‌కన్న ఇరువది అడుగులు ఎత్తైన వేపచెట్టు ఆగ్నేయాన ఉన్నా, దాని కొమ్మలు పన్నెండు అడుగుల దూరములో ఆగితే చాలు. చిన్న డిష్ రేకు మాత్రము అంత పైకి చూస్తున్నట్టు కనబడదు, కొంతవరకే వెనుకకు వాలి ఉంటుంది. ఎల్‌ఎన్‌బి కింద పక్కకు జరిగి ఉంటుంది గనుక అలా కనబడుతుంది, చూసి తప్పనుకొని ఇంకా వెనుకకు వంచకండి.

దిక్కు గుర్తు పట్టుటకు సూర్యుడే సహాయము చేస్తాడు. ఏటా మార్చి 12 ప్రాంతములో, పసుపు కల్లాల్లో ఆరే దినాలలో, ఉదయము పదకొండుంబావుకు సూర్యుడు సరిగ్గా ఆ ఉపగ్రహము వెనుకకు వస్తాడు. అక్టోబరు మొదటి దినాలలో పదకొండుకు కాస్త ముందు. ఆ వేళ డిష్‌మీద ఏ కొమ్మ నీడ, ఏ గోడ నీడ పడకపోతే ఆ చోటు మంచిది. అవే దినాలలో ఆ వేళకు సూర్యుని వేడి తరంగాలవల్ల కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అది చూసి డిష్ కదిలించవద్దు, ఆగండి, తానే వస్తుంది. గట్టి వాన కురిసినప్పుడు కూడ అంతే, ఈ తరంగాలు చాలా పొట్టివి గనుక వానచినుకులు వాటిని మింగుతవి.

అవ్వ సంగతి చెప్పాలి గదా. దుకాణమువాడు మొదట ఒప్పుకోలేదు. డబ్బా మీది "టీ2" చూపించి, "ఈ ఊరిలో దీనికి ఏ టవరు ఉన్నది?" అని సంఘములోని పిల్లవాడు అడిగితే, చివరికి వంద తగ్గించి మిగిలినది తిరిగి ఇచ్చాడు. దానికి ఇంకొంత కలిపి డిష్ తెచ్చారు. పిల్లవాడు గోడమీద బిగించి, వ్రేలెడంత ఇటు, వ్రేలెడంత అటు జరుపుతూ ఉంటే, లోపలినుండి అవ్వ "వచ్చింది బిడ్డా, కదిలియ్యకు!" అని పాతకాలమువలెనే కేకవేసింది. పాత ఆంటెన్నా గొట్టమును తీసివేస్తానంటే మాత్రము వద్దన్నది. దానిమీదికి చిక్కుడు తీగ పాకి ఉన్నది.