కాలికి కట్టిన గోడ

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడో నగరంలో కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరు ఉండేవాడు. జర్మనీలో పుట్టి టొలీడోలో స్థిరపడ్డవాడు. సిరల జబ్బు వల్ల కాళ్ళకు పుళ్ళు పడి ఏళ్ళ తరబడి బాధపడ్డాడు. ఈతకొలనులో దిగి నిలబడితే మాత్రం కాళ్ళ బరువు, సలుపు తగ్గేవి. గట్టెక్కితే మళ్ళీ మొదలు. ఇదంతా చల్లటి నీటి గుణం అనుకుని ఊరుకోవచ్చు. ఆయనకు మాత్రం అక్కడ నీటి పీడనం కనిపించింది.

ఆ లెక్క మనమూ వేసి చూడవచ్చు. మనిషి నిలబడినప్పుడు గుండె నుంచి చీలమండ దాకా సిరల్లో ఉన్న రక్తం నిలువుగా నిలిచిన స్తంభం లాంటిది. ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లు. బీపీ కొలిచే పద్ధతిలోనే చెబితే, ఆ స్తంభం అడుగున మోపే పీడనం దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం. ఛాతీ లోతు నీటిలో నిలబడితే, చీలమండ దగ్గర నీరు బయటి నుంచి నొక్కే పీడనమూ ఇంచుమించు అంతే. లోపల రక్తం ఎంత తోస్తే బయట నీరు అంత ఆపుతుంది. మోకాలి వైపు వచ్చేకొద్దీ రెండూ కలిసే తగ్గుతాయి. అంటే చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా నొక్కే మేజోడు ఉంటే కొలనును కాలికి తొడుక్కుని తిరిగినట్టే. 1950 ప్రాంతంలో జాబ్‌స్ట్ సరిగ్గా అలాంటి మేజోళ్ళు తయారుచేశాడు.

జాబ్‌స్ట్‌ను బాధపెట్టిన ఈ సిరల జబ్బునే మన ఇళ్ళలో ‘కాళ్ళలో నరాలు ఉబ్బాయి’ అంటాం. వైద్యులు నరం అనేది మెదడుకు, ఒంటికి మధ్య కబుర్లు మోసేదాన్ని. ఉబ్బేది సిర, చెడు రక్తం వెనక్కి తెచ్చే గొట్టం. మాట తేడాయే గదా అనిపిస్తుంది గానీ, ‘నరాల బలహీనత’ మాత్రల దగ్గరికి మనిషిని నడిపించేది ఈ తేడాయే. అందుకే ఇక్కడ సిర అనే అంటున్నాను.

గుండె రక్తాన్ని పాదాల దాకా తోయగలదు. నిలబడ్డ మనిషి కాళ్ళలోంచి దాన్ని మళ్ళీ పైకి ఎక్కించడానికి మాత్రం పిక్క సాయం కావాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరలను పిండుతుంది. వాటిలో వరసగా ఉన్న కవాటాలు పైకి పోయిన రక్తాన్ని తిరిగి కిందికి రానివ్వవు. ఈ కవాటాలను 1603లో ఇటలీలోని పాదువాలో ఫాబ్రిషియస్ బొమ్మలు గీసి చూపించాడు. అవి గుండె వైపే తెరుచుకుంటాయన్న సంగతిని ఆయన శిష్యుడు విలియం హార్వీ 1628లో రక్త ప్రసరణను నిరూపించే వాదంలో వాడుకున్నాడు. కవాటాలు బాగుంటే నాలుగు అడుగులు వేసేసరికి చీలమండ దగ్గరి 90 కాస్తా 30కి లోపు పడిపోతుంది. అవి చెడితే ఎంత నడిచినా దిగదు. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్ళు, కటింగ్ షాపులో, హోటల్ వంటగదిలో, ట్రాఫిక్ డ్యూటీలో ఉండేవాళ్ళు, ఈ భారాన్ని రోజూ మోస్తారు.

ఆ పీడనానికి సన్న రక్తనాళాల్లోంచి నీరు, ఎర్రకణాలు చర్మంలోకి ఊరుతాయి. ఎర్రకణాల్లోని ఇనుము అక్కడే మిగిలి చర్మం గోధుమరంగుకు తిరుగుతుంది. దురద పెడుతుంది. క్రమంగా చెక్కలా బిగుస్తుంది. ఆ తర్వాత గోటి గీత చాలు, చెప్పు ఒరుసుకున్నా చాలు, చీలమండ లోపలి వైపు పుండు పడుతుంది. రసి కారుతూ నెలలు, ఏళ్ళు ఉంటుంది. పైన ఏ మలాము రాసినా లోపలి 90 అలాగే ఉంటుంది గనక మానదు.

పాత కాలపు ఐరోపాలో అసలు దాన్ని మాన్పవచ్చా అన్నదే సందేహం. ఒంట్లోని చెడ్డ రసాలు పుండు దారిన బయటికి పోతాయనీ, దాన్ని మూసేస్తే ప్రాణానికే ముప్పనీ గాలెన్ సంప్రదాయపు వైద్యులు వందల ఏళ్ళు నమ్మారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు శస్త్రవైద్యుడైన రిచర్డ్ వైజ్‌మన్ పుండుకూ ఉబ్బిన సిరకూ ముడిపెట్టాడు. తోలు మేజోడు తొడిగించి, బూటు తాళ్ళలా బిగించి కట్టించాడు. మిగతా చోట్ల మందు ఒక్కటే, మంచం. పడుకుంటే రక్తస్తంభం ఒరిగిపోతుంది, పీడనం పోతుంది, పుండు మానుతుంది. లేచి పనికి వెళితే తిరగబెడుతుంది.

నాకు ఈ కథలో అందరికన్నా దగ్గరగా అనిపించేది బ్రిస్టల్ శస్త్రవైద్యుడు థామస్ బేన్టన్. 1797లో ఆయన చిన్న పుస్తకం వేశాడు. జిగురు పూసిన గుడ్డ పట్టీలను పుండు కింద నుంచి మొదలుపెట్టి, ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా కాలి చుట్టూ అంటిస్తూ పైదాకా వెళ్ళడం ఆయన పద్ధతి. ఆపైన కట్టు. ఆ తర్వాత రోగిని పడుకోమనలేదు, తిరగమన్నాడు. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి నెలల తరబడి మంచం అంటే పుండు కన్నా పెద్ద కష్టం. ఆ కష్టం తీర్చడమే గాక, తనకు తెలియకుండానే ఆయన పిక్కను కూడా వైద్యంలోకి దింపాడు.

కట్టు పనిచేసే తీరు అక్కడే ఉంది. కండరం బిగిసినప్పుడు పిక్క లావెక్కి బయటికి ఉబ్బుతుంది. చుట్టూ సాగని కట్టు ఉంటే ఆ ఉబ్బు బయటికి పోలేక లోపలి సిరల మీదికే తిరిగి, వాటిని గట్టిగా పిండుతుంది. గోడ కట్టామన్నా, కట్టు కట్టామన్నా మన భాషలో క్రియ ఒకటే. ఇక్కడ పని కూడా ఒకటే. 19వ శతాబ్దం చివర హాంబర్గ్ చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా జింక్ ముద్ద పట్టించిన గుడ్డను తడిగా చుట్టి, ఆరి గట్టిపడనిచ్చాడు. ‘ఉన్నా బూట్’ పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. అంతకుముందే, ఎండకు కరగని, చలికి పెళుసెక్కని రబ్బరు చేతికి రాగానే, 1848లో ఇంగ్లండులో విలియం బ్రౌన్ రబ్బరు దారాలతో సాగే మేజోళ్ళకు పేటెంటు కోరాడు. సాగే గుడ్డది ఇంకో స్వభావం. నడిచినా, కూర్చున్నా, పడుకున్నా ఒకేలా నొక్కుతూనే ఉంటుంది.

ఏ గుడ్డ అయినా, చుట్టేది చెయ్యి. ఒకరి చెయ్యి ఎంత లాగిందో ఇంకొకరికి తెలియదు. పీడనం గుడ్డ బిగువును బట్టీ, పొరల సంఖ్యను బట్టీ పెరుగుతుంది. కాలి చుట్టుకొలత పెరిగితే తగ్గుతుంది. లాప్లాస్ సూత్రం చెప్పేది ఇదే. ఒకే బిగువుతో చుట్టుకుంటూ వెళితే సన్నటి చీలమండ దగ్గర ఎక్కువ, లావు పిక్క దగ్గర తక్కువ పీడనం దానంతటదే వస్తుంది. కానీ ముంగాలి ఎముక అంచు మీద అదే సూత్రం ప్రకారం పీడనం చర్మాన్ని కోసేంత అవుతుంది. చీలమండ పక్కన గుంటలో పీడనం దాదాపు ఉండదు. అందుకే అనుభవమున్న నర్సులు ముందుగా దూది చుట్టి గుంట నింపుతారు, ఎముకను కప్పుతారు, బక్క కాలును కాస్త లావు చేస్తారు.

లండన్‌లోని చారింగ్ క్రాస్ ఆస్పత్రి బృందం ఈ నేర్పును నాలుగు పొరలుగా విడదీసింది. దూది, క్రేప్, సాగే పట్టీ, చివర తనకు తానే అంటుకునే పట్టీ. ఏ పొరా ఒంటరిగా మొత్తం భారం మోయదు. అన్నీ కలిసి చీలమండ దగ్గర సుమారు 40, మోకాలి కింద 17 మిల్లీమీటర్ల పీడనం ఇస్తాయి, వారం దాకా నిలుపుతాయి. 1988లో వాళ్ళు ప్రకటించిన లెక్కలో 148 పుళ్ళకు 110 పుళ్ళు 12 వారాల్లో మానాయి. మందుల షాపులో కొన్న క్రేప్ పట్టీని ఇంట్లో చుట్టుకోవడం ఇది కాదు. అది సాయంత్రానికే జారుతుంది.

ఒక్క హెచ్చరిక గట్టిగా చెప్పాలి. కాలికి మంచి రక్తం తెచ్చే ధమనులే పూడుకుపోయి ఉంటే ఈ కట్టు ఆ కాస్తనూ ఆపేసి కాలును చంపగలదు. అందుకే కట్టే ముందు చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి చూస్తారు. 0.8కి తగ్గితే పూర్తి బిగువు తగదు. 0.5 లోపయితే కట్టనే కట్టరు. షుగర్ రోగుల్లో ధమనులు సున్నం పట్టి గట్టిపడటం వల్ల ఈ అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది, వాళ్ళకు ఇంకా జాగ్రత్తగా పరీక్షించాలి.

కట్టు ఒక్కటే చాలదనీ తేలింది. 2018లో బ్రిటన్‌లో 450 మంది మీద జరిగిన పరీక్షలో కట్టుతో పాటు చెడిన సిరను వెంటనే మూసేసిన వాళ్ళకు పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం 56 రోజులు. ఆ చికిత్స వాయిదా వేసిన వాళ్ళకు 82 రోజులు. అంతకుముందు 2014లో ఇంకో బ్రిటిష్ పరీక్ష నాలుగు పొరల కట్టునూ రెండు పొరల మేజోడునూ పోల్చింది. మానే కాలం దాదాపు సమానం, 98, 99 రోజులు. మేజోడును రోగి తనే తొడుక్కోగలడు, వారం వారం ఆస్పత్రికి వెళ్ళక్కరలేదు. పుండు మానాక కూడా వేసుకోవలసింది అదే, ఎందుకంటే కవాటాలు మళ్ళీ పుట్టవు.

మన మే నెల ఎండల్లో మోకాలి దాకా బిగుతు మేజోడు వేసుకోవడం ఎంత కష్టమో చెప్పక్కరలేదు. వేళ్ళు బయటికి ఉండే రకం కొంత నయం. గిన్నెలు కడిగేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగులు చేతులకు వేసుకుంటే గుడ్డ జారకుండా పైకి వస్తుంది. నిద్ర లేచాక మంచం మీద ఉండగానే, కాలు నేలకు ఆనకముందే తొడగాలి. ఒకసారి లేచి నిలబడితే రక్తం దిగుతుంది, చీలమండ ఉబ్బుతుంది, రాత్రి సులువుగా ఊడివచ్చిన మేజోడే పొద్దున ఎక్కనంటుంది.