భీమిలి అలలు

సెలవులొస్తే చాలు, పిల్లలు సముద్రం చూపించమంటారు. ఉప్పల్, నాచారంలలో ఉండేవాళ్ళకి చెరువు గట్టు తెలుసుగాని కడలి ఎక్కడ తెలుస్తుంది? 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక విశాఖ రైళ్ళు కొన్ని మనకి దగ్గరలోనే దొరుకుతున్నాయి. విశాఖదాకా వెళ్ళినవాళ్ళు ఇంకో పాతిక కిలోమీటర్లు వెళ్ళి భీమునిపట్నం కూడా చూసి రండి.

దారిలోనే రుషికొండ. అక్కడ పడుచువాళ్ళు పలకమీద నిలబడి అలలమీద జారుతూ కనిపిస్తారు. దీన్నే సర్ఫింగ్ అంటారు. హవాయి దీవులవాళ్ళ పాత ఆట. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సులో మొదటిసారి చోటు దక్కింది. తెప్పమీద అలలు దాటే మన జాలరులని చూసినవాళ్ళకి ఇదేమంత వింత కాదులెండి.

అల ఎలా నడుస్తుందో తెలుసా? తడిచీర ఒక కొస పట్టుకుని విదిలిస్తే మడత అవతలి కొసకి పాకుతుంది, చీర మాత్రం మీ చేతిలోనే ఉంటుంది. లోతు సముద్రంలో నీళ్ళూ అంతే. లోతు తగ్గేసరికి అల అడుగుభాగం వెనకబడి, పైభాగం ముందుకి తూలి విరుగుతుంది. అప్పుడే నీళ్ళు నిజంగా ఒడ్డుకి తోసుకొస్తాయి.

వచ్చిన నీళ్ళు తిరిగి పోవాలి కదా! ఇసుకమేటల మధ్య సందు దొరికితే చాలు, సన్నని కాలవలా లోపలికి లాగుతాయి. అక్కడ లోతెక్కువ కాబట్టి అల విరగదు, నురగ కనిపించదు. "ఇక్కడ నెమ్మదిగా ఉంది, ఇక్కడే ఆడుకోండర్రా" అని మనం పిల్లల్ని వదిలేది సరిగ్గా ఆ చోటే! సర్ఫింగ్ తెలిసినవాళ్ళు లోపలికి పోవడానికి ఆ కాలవనే వాడుకుంటారు. కాని వాళ్ళకి తేలే పలక కాలికి కట్టి ఉంటుంది. మన పిల్లలకేముంది? భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట మేటలు మారిపోతుంటాయి, అక్కడ అసలే దిగనివ్వకండి.

ఒకవేళ నీళ్ళు లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు, బలం చచ్చిపోతుంది. ఒడ్డు వెంబడే పక్కకి ఈది, నురగ ఉన్నచోటునుంచి బయటికి రావాలి. ఈత రానివారు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. చూసినవాళ్ళు మాత్రం వెంట దూకవద్దు. తేలే వస్తువేదైనా విసిరి, జాలరులని కేకెయ్యండి. చీరతో దిగారో, అది తడిసి కాళ్ళకి చుట్టుకుంటుంది.

అన్నట్టు, ఎత్తయిన అలలొస్తాయని తీరమంతటికీ హెచ్చరిక పంపే ఇన్‌కాయిస్ కేంద్రం ఉన్నది సముద్రం లేని మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో. బయల్దేరేముందు వాళ్ళేమన్నారో చూసుకోండి.

ఇక ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకానికి దిగారు. 1825లో ఇంగ్లీషువారికి అప్పగించారు. 1861లోనే మునిసిపాలిటీ వచ్చింది. ఆ రోజుల్లో ఓడలు దూరాన లంగరేసుకునేవి. సరుకంతా మన పడవలవాళ్ళే ఆ అలలు దాటించి ఒడ్డుకి చేర్చేవారు. సముద్రానికి దగ్గరలోనే డచ్చివారి సమాధులున్నాయి. ఎండ తగ్గాక వెళ్ళండి, రాళ్ళమీద చెక్కిన అక్షరాలు పిల్లలకి చూపించవచ్చు.