డెబ్బై రెండో వారం తర్వాత

గుడ్ల ఫారంలో కోడిపెట్ట వయసును సంవత్సరాల్లో చెప్పరు, వారాల్లో చెబుతారు. 18 నుంచి 20 వారాల మధ్య అది గుడ్డు పెట్టడం మొదలుపెడుతుంది. 72 వారాలు దాటేసరికి, ఈమధ్య వచ్చిన హైబ్రిడ్ రకాల్లోనైతే 80, 90 వారాలకు, గుడ్ల సంఖ్య తగ్గి పెంకు పలచబడుతుంది. మేత ఖర్చుకు గుడ్ల రాబడి చాలదనుకున్న రోజున షెడ్డు మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేస్తారు. అయిదారేళ్ళు, ఒక్కోసారి ఎనిమిదేళ్ళు బతకగల ప్రాణికి ఏడాదిన్నరకే లెక్క తీరిపోతుందన్నమాట. బ్రిటన్‌లో ఇలా లెక్క తీరిన కోళ్ళలో కొన్నిటిని కబేళాకు పోనివ్వకుండా తెచ్చి, పెరడున్న ఇళ్ళకు దత్తత ఇచ్చే స్వచ్ఛంద సంస్థలున్నాయి. వినగానే ఇది తీరికున్నవాళ్ళ ముచ్చట అనిపించవచ్చు. కానీ గుడ్డు ధరలో మనం చెల్లించని భాగం ఒకటుందని, దాన్ని కోడే చెల్లిస్తోందని ఈ దత్తత చూపించినంత స్పష్టంగా ఏ ప్రచారమూ చూపించలేదు. దాని అసలు విలువ అక్కడే ఉంది.

ఈ పనిలో అందరికంటే పేరున్నది బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్. డెవాన్ ప్రాంతంలో జేన్ హోవర్త్ 2005లో దీన్ని స్థాపించారు. ఇప్పటికి 10 లక్షలకు పైగా కోళ్ళకు ఇళ్ళు చూపించారు. పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. షెడ్డు ఖాళీ చేసే తేదీని రైతు ముందుగా తెలియజేస్తాడు. వలంటీర్లు వెళ్ళి కోళ్ళను బుట్టలకెత్తి, ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవారికి అందజేస్తారు. ఒంటరి కోడిని ఇవ్వరు. గుంపులో బతికే ప్రాణి కాబట్టి కనీసం మూడైనా తీసుకోవాలి. నక్క చొరబడలేని గూడు ఉండాలి. ఎముకలు బలహీనంగా ఉంటాయి గనుక కూర్చునే కర్రను బాగా కిందికి కట్టాలి. పొద్దుగూకితే కోళ్ళు వాటంతటవే గూటికి చేరడం మన పల్లెల్లో ఎవరూ పట్టించుకోని సంగతి. ఈ కోళ్ళకు ఆ అలవాటే ఉండదు. మొదటి కొన్ని రాత్రులు ఒక్కొక్కదాన్నీ పట్టుకుని గూట్లో పెట్టాలి. కాలితో నేల గీరడం, మట్టిలో పొర్లడం మాత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇన్నాళ్ళూ చోటు దొరక్క ఆగిన పనులవి.

ఇంటికి వచ్చిన కోడి ఒళ్ళు చూస్తే గుడ్డు వెనుక కథ తెలుస్తుంది. మన కోళ్ళకు మూలమైన అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు, అదీ పిల్లల్ని పొదగడానికే పెడుతుంది. ఫారం కోడి చేత మూడు వందలు పెట్టిస్తున్నాం. ఒక్కో పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం పడుతుంది. మూడు వందల పెంకులంటే ఆరు వందల గ్రాములు. కోడి ఎముకల్లో ఉండే కాల్షియమంతా కలిపినా దాంట్లో చిన్న వంతే. మేతలో ఎంత కలిపినా, చాలనప్పుడు శరీరం ఎముకల్లోంచే తీసుకుంటుంది. అందుకే ఎముకలు గుల్లబారడం, రొమ్ము ఎముక విరగడం గుడ్ల కోళ్ళలో సర్వసాధారణం. ఈ జబ్బు పంజరాలకే పరిమితం కాదు, ఆరుబయట తిరిగే కోళ్ళలోనూ ఉంది. చోటు ఒక సమస్య, మనం ఎంచి పెంచుకున్న జాతి మరో సమస్య. బోసిపోయిన మెడతో, పాలిపోయిన తురాయితో ఇంటికొచ్చిన కోడి ఈ రెండింటినీ ఒకేసారి చూపిస్తుంది.

అయితే ఇదంతా సముద్రంలో కాకిరెట్ట కాదా అని అడగవచ్చు. సంఖ్య వరకు ఆ మాట నిజమే. బ్రిటన్‌లో గుడ్ల కోళ్ళు సుమారు 4 కోట్లు. ఈ సంస్థ ఇరవై ఏళ్ళ కృషిని ఏడాదులకు పంచి చూస్తే, వెయ్యి కోళ్ళలో ఒకటి రెండింటికి మాత్రమే ఇల్లు దొరికినట్టు. కానీ దత్తత తీసుకున్న ఇంటికి ఇరుగుపొరుగు వస్తారు, బడిపిల్లలు వస్తారు. ఈకలు రాలిన ఆ ఒంటిని చూసినవాళ్ళు దుకాణంలో గుడ్ల అట్ట మీద రాసింది చదవకుండా ఉండలేరు. ఐరోపా సమాఖ్యలో పాత తరహా పంజరాల్ని 2012 జనవరి 1 నుంచి నిషేధించారు. వాటిలో ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితం కంటే తక్కువ చోటు ఉండేది. కొత్త పంజరాల్లో 750 ఇవ్వాలి. చట్టం అంగుళాల్లో కదులుతుంది. దాన్ని కదిపేది కొనుగోలుదారు కన్ను.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. పనికిరాని కోళ్ళను ఊరికే తీసుకుపోయి పరిశ్రమకు ఖర్చు తగ్గిస్తున్నారు, పైగా దాని మనస్సాక్షిని తేలిక చేస్తున్నారు అంటారు. రైతును దొంగగా చూస్తే ఈ వాదన సరిపోతుంది. రైతు మాత్రం గుడ్డు చవగ్గా కావాలన్న మన కోరికకే లెక్కలు కడుతున్నాడు. అతను తలుపు తెరిస్తేనే లోపలి సంగతి బయటికొస్తుంది. ముసలి కోడికి అక్కడ దక్కే ధర అంతంతమాత్రం కాబట్టి, అతనికి మిగిలేదీ పెద్దగా ఏమీ లేదు. ఇక తెచ్చిన కోళ్ళు ఎన్నాళ్ళు బతుకుతాయంటే, హామీ లేదు. గుడ్ల సంచికి వచ్చే జబ్బులతో కొన్ని నెలల్లోనే పోయేవీ ఉంటాయి. పశువైద్యుడి ఖర్చు భరించలేనివారు తీసుకోకపోవడమే మేలు. బర్డ్ ఫ్లూ భయమూ వట్టిది కాదు. అందుకే ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబర్ 1 నుంచి ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాల్సిందే. అక్కడి తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది ఇంకొకటుంది. మిగిలిన అన్నం కోళ్ళకు వేయడం మనకు పుణ్యమేమో గానీ, వంటింట్లోంచి వచ్చిన ఆహారాన్ని పెంపుడు కోళ్ళకు పెట్టడం అక్కడ నేరం.

ఈ ఏర్పాటును యథాతథంగా మన దగ్గరికి తేలేం. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణదీ ముందు వరసే. ఇక్కడ వయసు మళ్ళిన లేయర్ కోడి కూరకు అమ్ముడుపోతుంది కాబట్టి రైతు దాన్ని ఊరికే వదులుకోడు. నగరాల్లో పెరళ్ళూ లేవు. ఆ దత్తత లేవనెత్తిన ప్రశ్న మాత్రం మనదీ అవుతుంది. గుడ్ల కోళ్ళ, బ్రాయిలర్ల పెంపకం, రవాణా ఎలా ఉండాలో చెబుతూ లా కమిషన్ 2017లో 269వ నివేదిక ఇచ్చింది, ముసాయిదా నిబంధనలు కూడా రాసిపెట్టింది. గుడ్డుకు నాలుగు పైసలు పెరిగితే మొదటి పేజీలో వార్తవుతుంది. కోడికి నాలుగు అంగుళాలు పెరగాలన్న మాట అంత గట్టిగా ఎక్కడా వినిపించదు. పేదింటి పిల్లలకు గుడ్డు అందాలి, అందులో రెండో మాట లేదు. ఆ గుడ్డుకు ఇంకాస్త పెట్టగలిగిన మనబోటివాళ్ళం మాత్రం దుకాణదారుణ్ణి ఒక్క మాట అడగవచ్చు: ఈ కోడి ఎక్కడ పెరిగింది? అడిగేవాళ్ళు పదిమంది అయిననాడు జవాబు చెప్పక తప్పదు.