గల్లా నిండితే లాభం వచ్చినట్టేనా?

చిన్న వ్యాపారం మీద సలహాలకు మన దగ్గర కరువు లేదు. పెళ్లిళ్లలో, రైళ్లలో, బ్యాంకు క్యూలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. వాటిలో కొన్ని పాటిస్తే కొట్టుకు తాళం పడుతుంది.

అపోహ: సాయంత్రానికి గల్లా నిండితే లాభమే.

వాస్తవం: గల్లాలో ఉన్నదంతా మనది కాదు. రేపటి మినప్పప్పు, నూనె, గ్యాసు, నెలాఖరు అద్దె అందులోంచే పోవాలి. ఒక టిఫిన్ సెంటరునే తీసుకోండి. యజమాని పెనం దగ్గర నిలబడతాడు. భార్య తెల్లారుజామున నాలుగింటికే లేచి చట్నీ పని చూస్తుంది. కొడుకు కాలేజీకి వెళ్లేలోపు పార్సిళ్లు కడతాడు. ఖర్చులు పోను నెలకు 30,000 మిగిలిందని సంబరపడతారు. అదే పనికి ముగ్గురు బయటివాళ్లను పెడితే ఎంతవుతుందో లెక్కేయండి. ఆ 30,000 లాభం కాదు, ముగ్గురి కూలి; అదీ తక్కువ కూలి. అందుకే యజమాని తనకూ ఇంట్లోవాళ్లకూ జీతం రాసుకుని, ఆ డబ్బు విడి ఖాతాలోకి మార్చుకోవాలి. పిల్లల ఫీజు గల్లాలోంచి తీసి కట్టే కొట్లో ఏ లెక్కా నిలవదు.

అపోహ: కాస్త తగ్గించి అమ్మినా ఎక్కువ పోతుంది కాబట్టి గిట్టుబాటే.

80కి కొన్నది 100కి అమ్మితే 20 మిగులుతుంది. దసరాకు ‘10 శాతం తగ్గింపు’ అని బ్యానర్ కట్టామనుకోండి. ధర తగ్గింది పదో వంతే, మిగులు మాత్రం సగానికి పడింది. పాత మిగులు చేతికి రావాలంటే సరుకు రెట్టింపు పోవాలి. బ్యానర్ ఖర్చు అదనం. ‘నేను 25 శాతం వేసుకున్నానుగా’ అనేవాళ్లున్నారు. అది కొన్న ధర మీద 25. అమ్మిన ధర మీద 20. తగ్గింపు ఇచ్చేదేమో అమ్మే ధర మీద. బేరమాడటంలో ఎంత గట్టివాళ్లయినా ఈ చిన్న లెక్క దగ్గర బోర్లా పడటం నాకెప్పుడూ వింతే.

అపోహ: బాకీ అడిగితే బేరం పోతుంది.

అడగకపోతేనే పోతుంది. బాకీ పెరిగినవాడు ముఖం చాటేసి పక్క కొట్లో నగదు పెట్టి కొంటాడు. కిరాణా వ్యాపారులను ఎవరినడిగినా చెబుతారు. అయితే అడగడానికీ ఒక పద్ధతుంది. జీతాలు పడే మొదటి వారంలో, నలుగురి ముందు కాకుండా, ‘మీ పద్దు 2,340 ఉందండీ, ఎప్పుడిస్తారు?’ అని అంకెతో సహా అడగాలి. ‘కాస్త చూడండి సార్’ అంటే ఆయన చూసి ఊరుకుంటాడు. గడువు సంగతీ మరవొద్దు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇలాంటి బాకీల మీద దావాకు మామూలుగా మూడేళ్లే సమయం. ఆలోపు బాకీ ఉందని ఒప్పుకుంటూ ఆయన సంతకం పెడితే మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్క.

అపోహ: పెద్దగా లాభం లేనివాడికి జీఎస్టీతో పనేంటి?

జీఎస్టీ నమోదుకు పరిమితి చూసేది టర్నోవరును, అంటే మొత్తం అమ్మకాన్ని, లాభాన్ని కాదు. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. హోటళ్లు, టిఫిన్ సెంటర్లకు రెండుచోట్లా 20 లక్షలే. అంటే రోజుకు 5,500 అమ్మకం ఉంటే గీత దాటినట్టే. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్లను చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు వెళ్తే, కొందరు క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి ‘నగదు మాత్రమే’ అని రాసిపెట్టారు. నగదైనా అది టర్నోవరే. జీఎస్టీలోనే చిన్న వ్యాపారులకున్న కాంపొజిషన్ పథకంలో చేరితే సరుకుల వ్యాపారి 1 శాతం, చిన్న హోటల్ 5 శాతం కడితే సరిపోతుంది. అది కొనేవాళ్ల దగ్గర వసూలు చేయకూడదు, సొంత జేబులోంచే కట్టాలి.

అపోహ: పెద్ద కంపెనీకి సరుకిస్తే వాళ్లిచ్చినప్పుడే డబ్బు.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం అలా అనదు. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకుంటే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఈ రక్షణ సూక్ష్మ, చిన్న తయారీదారులకూ సేవలందించేవారికీ. కొని అమ్మేవారికి కాదు. దీనికి ఎంఎస్‌ఎంఈగా ‘ఉద్యమ్’ నమోదు ఉండాలి. ప్రభుత్వ పోర్టల్‌లో దానికి రుసుము పైసా కూడా లేదు, ఏజెంటు ఎంత అడిగినా. నంబరు వచ్చాక బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించుకోండి.