ఛాయాచిత్రముల పుస్తకము: చీకటిగది మొదలు గ్రంథాలయము వఱకు

గడచిన వేసవి సెలవులకు ముందు ఉన్నత తరగతుల విద్యార్థులు కొందఱు నాయొద్దకు వచ్చి, గోదావరి తీరమునను భద్రాచలము అడవుల యంచునను గల తమ గ్రామములలో దీసిన ఛాయాచిత్రములను జూపి, "అయ్యా, వీనిని పుస్తకముగా జేయుట యెట్లు?" అని యడిగిరి. చిత్రములు బాగుగనే యున్నవి. కాని వానినన్నిటిని వరుసగా నతికించినంత మాత్రమున నది పుస్తకము కాదు, పెండ్లివారి ఆల్బమగును. ఆల్బము చూచువాని ప్రక్కన గూర్చుండి "ఈయన మా మేనమామ, ఈమె మా పెద్దమ్మ" యని చెప్పువారుందురు. పుస్తకమున కట్టి తోడు లేదు. అది మన యెఱుగని యింటిలో, మన యెఱుగని మనుష్యుని చేతిలో, తనంతట తాను మాటలాడవలెను. ఆ పని జరుగు క్రమమును మన పాఠకులకును, ముఖ్యముగా వ్యయము భరింపవలసిన తలిదండ్రులకును దెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇట్టి పుస్తకముల చరిత్ర ఛాయాచిత్రకళ యంత ప్రాచీనమైనది. 1843లో ఆనా అట్కిన్సు అను ఆంగ్లవనిత సముద్రపు నాచుమొక్కలను నీలిముద్రలుగా దీసి పుస్తకముగా గూర్చుట కారంభించెను. మఱుసటి సంవత్సరమున టాల్బటు అను శాస్త్రజ్ఞుడు "ది పెన్సిల్ ఆఫ్ నేచర్" అను గ్రంథమును భాగములుగా బ్రకటింప మొదలిడెను. 1846 నాటికి అందు 24 చిత్రములు వెలువడినవి. ఆ కాలమున చిత్రమును సిరాతో నచ్చువేయు నుపాయము లేదు గనుక ప్రతి ప్రతిలోను ప్రతి చిత్రమును చేతితో నతికింపవలసి వచ్చెను. మన దేశ జనుల గూర్చి 1868 మొదలు 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా లండనులో వెలువడిన "ది పీపుల్ ఆఫ్ ఇండియా" యందు 468 చిత్రములు గలవు. ఆ గ్రంథమున మనుష్యుల ముఖములు స్పష్టముగా నున్నవి; కాని పెక్కింటిక్రింద వారి పేళ్లు లేవు. కులము పేరును, ఆ కులమువారు మంచివారో కారో యను దొరలయభిప్రాయమును గలవు. ఈ సంగతి విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దీనిని గూర్చి ముందు మఱల జెప్పవలసియున్నది.

హైదరాబాదు రాజ్యమున రాజా దీనదయాళు పేరు వినని ఛాయాచిత్రకారుడు లేడు. రూర్కీలో ఇంజనీరింగు చదివిన యీయన ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున జేరి, 1892లో రాజ్యమందలి దృశ్యములను గొప్ప ఆల్బముగా గూర్చెను. ఆ సంవత్సరముననే ఘోషా స్త్రీలకొఱకు ప్రత్యేకముగ నొక స్టూడియో నెలకొల్పి, దానిని స్త్రీయొక్క యాజమాన్యమున నుంచెను. యంత్ర మెంత మంచిదైనను ఎదుటివారికి నమ్మిక లేనిచో ముఖము తెఱువరని ఆయన గ్రహించెను. ఆయన 1905లో మరణించెను. మిగిలిన గాజుపలకలలో రెండువేల కెక్కువ 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు జేరినవి.

మన ప్రాంతమునకు మిక్కిలి దగ్గఱైన యుదాహరణము వేఱొకటి గలదు. క్రిస్టాఫ్ ఫన్ ఫ్యూరర్ హైమెండార్ఫు అను వియన్నా పండితుడు 1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమైనపుడు నిజాము రాజ్యమున నిలిచిపోవలసి వచ్చి, ఆ నిర్బంధమునే యవకాశముగ జేసికొని, భార్యయగు బెట్టీతో గూడ చెంచుల నడుమను, పాపికొండలలోని కొండరెడ్ల నడుమను, ఆదిలాబాదు గోండుల నడుమను నివసించెను. కొండరెడ్ల గూర్చి "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అను గ్రంథమును 1945లో లండనులో మాక్మిలన్ వారు ప్రకటించిరి. అది శాస్త్రగ్రంథమే కాని చిత్రముల పుస్తకము కాదు. అయినను పోడు వ్యవసాయము, వెదురు నఱకుట, కలప కంట్రాక్టర్ల వలన గలిగిన ఋణబాధ మొదలగు సంగతులను వచనము చెప్పుచుండగా, చిత్రములు ప్రక్కన సాక్షులవలె నిలిచియున్నవి. ఆయన చిత్రములు నేడు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య ఆఫ్రికా అధ్యయన కళాశాలలో భద్రపఱుపబడియున్నవి. నా యభిప్రాయమున మన విద్యార్థి పుస్తకమునకు సరియైన మాదిరి యిదియే: ముందు ఒకచోట చాలకాల ముండుట, పిమ్మట చిత్రము దీయుట.

ఇక పనిలోనికి వత్తము. నేడు చేతిఫోనుతో జిత్రములు దీయుట సులభమే యైనను, ఫిల్ముతో నొకసారి పని నేర్చుకొనుట మంచిదని నా నమ్మకము. ఒక చుట్టలో 36 చిత్రములే పట్టుననెడి జ్ఞానము మీట నొక్కుటకు ముందు ఆలోచింపజేయును.

ఫిల్ముపై జెలటిను అను బంకలో రజత లవణముల సూక్ష్మకణములు గలవు. వెలుతురు సోకిన కణములలో కంటికి గానరాని మార్పు గలుగును. డెవలపరులోని మెటాలు, హైడ్రోక్వినోను అను ద్రవ్యములు ఆ కణములనే నల్లని వెండిగా మార్చును. పలుచని ఎసిటిక్ ఆమ్లము ఆ పనిని నిలుపును. పిమ్మట హైపో, వెలుతురు సోకని లవణమును గరగించి తొలగించును. హైపోకు ఈ శక్తి గలదని జాన్ హెర్షెల్ 1819లో గనుగొనెను. ఛాయాచిత్ర మింకను బుట్టని కాలమది! కాగితముపై ముద్ర దీయునపుడు చీకటిగదిలో ఎఱ్ఱదీప ముండవచ్చును. కాని అన్ని రంగులకు స్పందించు ఫిల్మును డబ్బాలో జుట్టునపుడు ఎఱ్ఱదీపము సయితము పనికిరాదు. కటికచీకటిలో వ్రేళ్లకే కన్నులుండవలెను.

పుస్తకములన్నియు డెవలపరు 20 డిగ్రీల సెంటిగ్రేడున నుండవలెనని చెప్పును. అవి చలిదేశములలో వ్రాయబడినవి. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలములలో వైశాఖమాసమున మేడమీది తొట్టినీరు చేయి పెట్టనీయదు. 20 డిగ్రీలవద్ద 8 నిమిషములు పట్టుపని 24 డిగ్రీలవద్ద సుమా రాఱు నిమిషములలో ముగియును. 30 దాటినచో కాలమును లెక్కించుటయే వ్యర్థము. జెలటిను ఉబ్బి, ముడుతలువడి, యొక్కొకప్పుడు ఫిల్మునుండి యూడివచ్చును. నే నీ విద్య నేర్చిన మొదటి వేసవిలో ఒక కొండరెడ్ల పెండ్లిని రెండు చుట్టలనిండ దీసి, తొందరపడి మధ్యాహ్నము కడిగితిని. డబ్బా తెఱచి చూడగా చిత్రమంతయు గంజిమీఁగడవలె నీటిలో దేలుచుండెను. వధూవరులు నేటికిని ఆ చిత్రములెప్పుడిత్తురని నన్నడుగుచున్నారు.

దీనికి మన యిండ్లలోనే యుపాయము గలదు. క్రొత్త మట్టికుండను తడియిసుకపై నుంచి, తడి గోనెపట్ట చుట్టి, గాలి తగులుచోట రాత్రియంత యుంచిన నీరు తెల్లవారుజామునకు చల్లబడును. కుండ రంధ్రములనుండి నీరావిరియగుచు లోపలి వేడిని గొనిపోవుటయే దీనికి గారణము. గాలి పొడిగా నున్న వేసవిలో నిది బాగుగ పనిచేయును. శ్రావణమాసపు ముసురులో పనిచేయదు, అపుడంత యవసరమును లేదు. చల్లదనము చాలనిచో మంచుగడ్డను సంచిలో గట్టి డబ్బా చుట్టునుగల నీటిలో వేయవచ్చును. డెవలపరులో సోడియం సల్ఫేటు కలిపినచో జెలటిను ఉబ్బుట తగ్గును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమనగా, డెవలపరు, హైపో, కడుగునీరు మూడును ఒకే వేడిమిలో నుండవలెను. చల్లని ద్రావకమునుండి వేడినీటికి మార్చుటయే ముడుతలకు మూలము.

చిత్రములు సిద్ధమైన పిమ్మట అసలు కష్టము మొదలగును. మా విద్యార్థులయొద్ద మున్నూటికి మించి చిత్రము లుండెను. మేము నలువదియెనిమిది యుంచితిమి. తీసివేయుటలో జరిగిన కలహములు వ్రాసిన నొక వ్యాసమగును. తీసినవానికి తాను పడిన శ్రమ జ్ఞాపకముండును గాని, చూచువానికి ఆ శ్రమ గనబడదు. కాంటాక్టు ముద్రలను కత్తిరించి నేలపై బఱచి పదిదినములు మార్చి మార్చి పేర్చితిమి. తెఱచిన పుస్తకమున రెండు పుటలు ఒకేసారి కంటబడును గావున ఎడమ చిత్రము కుడిచిత్రముతో నేదో సంభాషింపవలెను. ఒక బాలిక, జీలుగుచెట్టు నెక్కుచున్న ముసలివాని చిత్రమున కెదురుగా సెల్లుఫోను గోపుర మెక్కుచున్న పనివాని చిత్రము నుంచినది. మే మెవ్వరమును దానిని గదలింపలేదు.

అచ్చునకు సంబంధించిన లెక్కలు కొన్ని తెలిసికొనవలెను. పెద్దకాగితమును మూడుసారులు మడచిన 16 పుటల ఫారమగును. పుస్తకము ఫారముల లెక్కన నుండవలెను గనుక మాది నాలుగు ఫారములు, 64 పుటలు. చిత్రములు పోగా మిగిలిన 16 పుటలలో ముఖపత్రము, పీఠిక, చిత్రవివరణములు సర్దితిమి. కుట్టుపడు నడిమిచోట ఎవ్వరి ముఖమును బడనీయరాదు. అచ్చులో నలుపు తెలుపుల ఛాయలన్నియు చిన్న చుక్కలవలననే పుట్టును. నునుపైన ఆర్టుకాగితముపై అంగుళమునకు 150 వరుసల చుక్కలు నిలుచును. పత్రికల కాగితముపై అంత సన్ననివి అలుకుకొనిపోవును. కంప్యూటరు చిత్రమైనచో అంగుళమునకు 300 బిందువు లుండవలెను. 4000 బిందువుల వెడల్పుగల ఫోనుచిత్రము 13 అంగుళముల వఱకు వచ్చును. అదే చిత్రమును వాట్సాపులో మామూలుగా బంపినచో కుదించుకొనిపోయి అచ్చులో మసకబాఱును. ఈ తప్పిదమును మేము మూడుసారులు చేసితిమి. కాగితపు నార పుస్తకపు వీపునకు సమాంతరముగా నుండునట్లు ముద్రాపకుని గోరుడు. లేనిచో వానకాలపు తేమకు పుటలు వంకరపోవును. బంకతో నంటించు బైండింగు చవుకయే గాని మన యెండలకు కొలదికాలములో పుట లూడును. దారముతో గుట్టించుట మేలు.

చిత్రవివరణముల విషయమున నేను మొండివాడను. ప్రతి మనిషికిని పేరుండవలెను. లేదా ఆ మనిషి వలదనినందున లేదని తెలిసియుండవలెను. "ఒక కోయ స్త్రీ" యను వ్రాత మాకు సమ్మతము కాదు. చిత్రము దీయుటకు నంగీకరించినవారందఱు అచ్చునకు నంగీకరించినట్లు కాదు గనుక, ముద్రలను గొనిపోయి చూపి మఱల నడిగితిమి. పిల్లల చిత్రములకు తలిదండ్రులను, ఇలవేల్పు చిత్రములకు గ్రామపెద్దలను అడిగితిమి. ఐదు చిత్రము లిట్లు తొలగిపోయినవి. అందొకటి పుస్తకమున కెల్ల మంచిది. ఊరిపేరుతో సంవత్సరమును వ్రాయుట తప్పనిసరి. కూనవరమునే చూడుడు: 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లా, పిమ్మట ఖమ్మము జిల్లా, 2014లో రాష్ట్రవిభజనముతో మఱల తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. ఊరు కదలలేదు.

కొన్ని యూళ్లు కదలుచున్నవి కూడ. పోలవరము జలాశయము నిమిత్తము గోదావరి యొడ్డున ననేక గ్రామములవారు పునరావాస కాలనీలకు దరలిరి. అట్టి కాలనీలో ఒక వృద్ధునికి ఆయన చిత్రమును జూపగా, తన ముఖమును జూచుకొనక, వెనుకనున్న చింతచెట్టును, ఇంటిగోడను వ్రేలితో దడవుచు, ఆ గోడ నెవ్వరు కట్టిరో, ఆ చెట్టు క్రింద నే కొత్తల పండుగనాడు ఎవ్వరు కొట్లాడుకొనిరో చెప్పదొడగెను. విద్యార్థులు వ్రాసికొనుచుండిరి. పుస్తకములో నాలుగు పుటల వివరణము ఆయన మాటలే.

ఒక్క ప్రతి చాలదా, ఇన్ని యేలయని ఒక తండ్రిగారు నన్నడిగిరి. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు లేచెను. 2022 జూలై 16వ తేదీన 71.3 అడుగులు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. ఆ 2022 వరద పిమ్మట మా విద్యార్థులలో నిద్దఱి యిండ్లలో గోడచిత్రము లేవియు మిగులలేదు. ఒకనికి మరణించిన తల్లి చిత్రము అదియొక్కటియే. ఒక యింటనున్న చిత్రము ఒక వరదతో బోవును. మున్నూఱు ప్రతులు మున్నూఱు ఇండ్లకు, వేఱువేఱు ఎత్తులలోనున్న యూళ్లకు జేరినచో నన్నియు నొకేసారి పోవు. పల్లపు గ్రామములవారి పుస్తకములను మెఱకనున్నవారి యిండ్లలోను నుంచితిమి.

ప్రకటనమునకు జేయవలసిన తంతు స్వల్పమే. పదుమూడంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను ఢిల్లీయందలి రాజా రామమోహనరాయ్ సంస్థ రుసుము లేకయే యిచ్చును. 1954 నాటి చట్టము ననుసరించి ప్రచురించిన ముప్పదిదినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మదరాసు కన్నెమరా గ్రంథాలయమునకును, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలెను. పార్శిళ్లను విద్యార్థులే కట్టిరి. ఖర్చు విషయమున నొక్కమాట: ఆఫ్‌సెట్టు పలకల వ్యయము నూఱు ప్రతులకైనను వేయి ప్రతులకైనను ఒకటే గనుక, కొలది ప్రతులే కావలసినవారు డిజిటలు అచ్చు వేయించుకొనుట లాభము.

చిత్రములలోని వారందఱికి తలకొక ప్రతి యుచితముగా జేరినది. మిగిలినవానిలో పదునెనిమిది పాఠశాల గ్రంథాలయపు బీరువాలో, పై యఱలో నున్నవి. తాళపుచెవి నాయొద్ద గలదు. శనివారము సాయంకాలము నాలుగు గంటల పిమ్మట ఎవ్వరైనను రావచ్చును.